మైకు ముందు మా ఊరు

2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక వచ్చినప్పుడు డాలస్‌లోని మా ఇంట్లో పొద్దున లేస్తే ఊరి గొంతులే వినిపించేవి. జూన్‌లో అక్కడి ఎమ్మెల్యే ఈటల రాజేందర్ రాజీనామా చేసింది మొదలు అక్టోబర్ 30న పోలింగ్ దాకా యూట్యూబ్ చానళ్ల వాళ్లు మైకులు పట్టుకుని ఊరూరా తిరిగారు. దూరాన ఉన్నవాళ్లకు సొంతూరి ముఖాలు కనిపిస్తే కడుపు నిండినట్టుంటుంది. కానీ అరుగు మీద కూర్చున్న ముసలమ్మను వాళ్లు అడిగేది ఒక్కటే: "ఓటెవలకేస్తవ్ అవ్వా?" ఆమె పంట సంగతో, కొడుకు సంగతో ఎత్తుకుంటే మైకు పక్కకు జరిగేది. తిట్టు, సవాలు మాత్రం ముక్కలుగా కత్తిరించుకుని వాట్సాప్‌లోకి వచ్చేవి. అవే పంచుకుని పంచుకుని మా అన్నదమ్ముల పిల్లల మధ్య మాటలు బందయ్యాయి.

2023 మార్చిలో 'బలగం' సినిమా వచ్చింది. తీసింది సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి. అందులో ఇంటి పెద్ద కొమురయ్య పోయాక పెట్టిన కూడు పిట్ట ముట్టదు. నల్లి బొక్క కాడ మొదలైన బావ, బామ్మర్దుల పంతం ఏళ్ల తరబడి నడుస్తుంటుంది. మేం ఓటీటీలో చూశాం. మా మేనత్త వాళ్ల ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి వేశారు. తెలంగాణలో చాలా ఊళ్లలో అప్పుడు అలాగే వేశారు. అత్త వీడియో కాల్ చేసి ఫోన్ తెర వైపు తిప్పింది. చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాట అందుకున్నారో లేదో ఫోన్ కిందికి వాలిపోయింది. నాకు కనిపించిందల్లా విడిచిన చెప్పులు, చాప మీద నిద్రపోతున్న ఓ పిల్లాడు. పాట వినిపిస్తోంది, దాని మీదుగా అత్త ఏడుపు వినిపిస్తోంది.

ఆ దంపతులది వరంగల్ జిల్లా దుగ్గొండి, బుడిగ జంగాల కళాకారులు. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. అట్లాంటి గొంతులు మా దిక్కు చావు ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని మధ్యలో కత్తిరించకుండా చివరిదాకా వినిపించాడు వేణు.

ఆ సినిమా చూసి విడిపోయిన అన్నదమ్ములు కలిశారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. నేను నమ్ముతాను. ఊరి నడుమ కూర్చుని చూస్తే పక్క చాప మీదే దాయాది ఉంటాడు. తెర విప్పాక ఇద్దరూ ఒకే దారిన ఇంటికి నడవాలి. ఫోన్‌లో చూసేవాడికి కళ్లు తుడుచుకునేలోపే ఇంకో వీడియో మొదలవుతుంది. మా ఇంటి పంతం కూడా ఫోన్‌లో పెరిగిందే. ఎదురెదురుగా కూర్చుని ఉంటే అందులో సగం మాటలు ఎవరి నోటా వచ్చేవి కావు.

పోయిన వేసవిలో ఇక్కడ మా క్లబ్‌హౌస్‌లో తెర కట్టి అదే సినిమా వేశాం. హుజూరాబాద్, జమ్మికుంటల నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మలు, బాపులు ముందు వరుసలో కూర్చున్నారు. అయిపోయాక ఇక్కడ పుట్టిన పిల్లలు పిట్ట ఎందుకు ముట్టలేదని అడిగారు. మూడొద్దుల నుంచి పెద్దకర్మ దాకా ఏ రోజు ఏం చేస్తారో ఓ పెద్దాయన విడమరిచి చెప్పారు. తలుపులు మూసే టైమైందని వచ్చి చెప్పేదాకా ఎవరూ లేవలేదు. ఈసారి 'మల్లేశం' సినిమా వేద్దామని అక్కడే అనుకున్నాం.