నువ్వెవరి తాలూకు?

స్కాట్లాండ్‌కు వాయవ్యంగా, అట్లాంటిక్ అలల మధ్య లూయిస్ అనే దీవి ఉంది. అక్కడి పల్లెల్లో కొత్త మనిషి కనిపిస్తే పెద్దవాళ్లు ముందు పేరడగరు. 'కో లేష్ ఊ?' అంటారు. గేలిక్ భాషలో ఆ మాటకు 'నువ్వెవరి తాలూకు?' అని అర్థం! కెనడా, అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి ఎంతోమంది సముద్రాలు దాటి ఆ దీవికి వచ్చేది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికే.

ఉల్లాపూల్ రేవులో ఓడ ఎక్కితే రెండున్నర గంటలకు పైగా ప్రయాణం. దూరంగా చెట్టూచేమా పెద్దగా లేని నేల, బూడిదరంగు ఆకాశం, స్టోర్నోవే పట్నం కనిపిస్తాయి. దిగినవాళ్ల సంచుల్లో ఓ పాత ఫొటో, తాత చేతిరాతతో ఓ ఉత్తరం, దానిమీద ఓ ఊరిపేరు... చాలామంది దగ్గర ఉండే ఆధారాలు అంతే. తాత ఇంటిపేరు తెలుసు కదా, కనుక్కోవడం ఎంతసేపు అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అందరూ మెక్లౌడ్‌లే!

లూయిస్‌లో ఏ ఊరు వెళ్లినా మెక్లౌడ్, మెక్‌డొనాల్డ్, మారిసన్, మెకంజీ, మెకైవర్... ఇవే ఇంటిపేర్లు. 'మెక్' అంటే కొడుకు. లౌడ్ అనే పూర్వికుడి సంతానం మెక్లౌడ్‌లు. పోనీ సొంత పేరుతో పోల్చుకుందామా అంటే అదీ కుదరదు. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. తాత పేరు మనవడికి పెట్టే మనకు ఇది కొత్త సంగతేం కాదు. కాకపోతే ఒకాయనకు నలుగురు కొడుకులుంటే, ఆ నలుగురూ తమ పెద్దబ్బాయికి ఆయన పేరే పెడితే? ఒకే ఊళ్లో ఒకే ఈడువాళ్లు నలుగురు డోనల్డ్ మెక్లౌడ్‌లు తయారవుతారు!

దానికి ఊరివాళ్లే ఉపాయం కనిపెట్టారు. మర్డో వాళ్ల డోనల్డ్ కొడుకు ఇయాన్... ఇలా తండ్రి, తాతల పేర్లు వరసగా చేర్చి పిలుస్తారు. లేదంటే రంగునుబట్టో వృత్తినిబట్టో ఓ మారుపేరు తగిలిస్తారు. ఊళ్లో చెల్లేది ఆ పేరే. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఆ పేరుండదు. పైగా గుమాస్తాలు రాసుకున్నది ఇంగ్లిషులో. గేలిక్‌లో టోర్మొడ్ అయినవాడు కాగితంమీద నార్మన్ అయ్యాడు. బెహక్ అనే అమ్మాయి ఒకచోట రెబెకా, ఇంకోచోట సోఫియా! ఇక వందల ఏళ్లుగా దీవిలోవాళ్లు దీవిలోనే పెళ్లిళ్లు చేసుకున్నారు కాబట్టి డీఎన్ఏ పరీక్ష చేయించినా లాభం అంతంతే. వందలకొద్దీ బంధువులు బయటపడతారు, నిజానికి ఉన్నదానికంటే దగ్గరివాళ్లలా కనబడతారు. ఎవరు ఏ వరసో మాత్రం తేలదు.

బాకీ ఉంటే... ఓడెక్కాల్సిందే

ఇంతమంది దీవి వదిలి ఎందుకెళ్లారు? 1846లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. అక్కడి బీదవాళ్లకు అదే ముఖ్యమైన తిండి. అంతకు రెండేళ్ల ముందే, 1844లో, దీవి మొత్తాన్నీ జేమ్స్ మాథెసన్ అనే వ్యాపారి కొనేశాడు. భారతదేశంలో పండిన నల్లమందును చైనాకు చేరవేసి కోట్లు గడించిన జార్డిన్-మాథెసన్ కంపెనీ భాగస్వామి ఆయనే. కరవులో మొదట ఆయన ధాన్యం తెప్పించాడు, పనులు పెట్టించాడు. శిస్తు బకాయిలు పేరుకుపోయేసరికి మనసు మారింది. 1851లో ఆయన దివాను ఊరూరూ తిరిగి, రెండేళ్లకు పైబడి బాకీ ఉన్న కుటుంబాల్లో ఎవరిని పంపించాలో జాబితా వేశాడు. బాకీ రద్దు, ఓడ టిక్కెట్టు ఉచితం... మారుమాట లేకుండా వెళ్లిపోవడమే. 1851 నుంచి 1855 వరకు అలా కెనడాకు తరలిపోయినవాళ్లు రెండువేలమందికి పైనే. క్యూబెక్ రాష్ట్రంలో వాళ్లు స్థిరపడిన చోట ఇప్పటికీ స్టోర్నోవే అనే ఊరుంది!

వలస అంతటితో ఆగలేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఇళ్లకు తిరిగొస్తున్న నావికులతో వచ్చిన 'ఐయొలేర్' నౌక 1919 జనవరి 1 తెల్లవారుజామున స్టోర్నోవే రేవు ముంగిట్లోనే రాళ్లకు కొట్టుకుని మునిగిపోయింది. 201 మంది చనిపోయారు. ఆ దుఃఖం ఆరకముందే, 1923 ఏప్రిల్‌లో 'మెటగామా' ఓడ మూడొందలమంది దాకా దీవివాసుల్ని కెనడాకు తీసుకెళ్లింది. వారిలో ఎక్కువమంది పాతికేళ్లలోపు వాళ్లే. 1930లో టాంగ్ అనే పల్లె నుంచి 18 ఏళ్ల మేరీ యాన్ మెక్లౌడ్ న్యూయార్క్ వెళ్లింది. ఇంట్లో పదిమంది పిల్లల్లో ఆఖరిది, మాతృభాష గేలిక్. ఆమె కొడుకు డోనాల్డ్ ట్రంప్ 2008లో వచ్చి అమ్మ పుట్టిన ఇల్లు చూసి వెళ్లాడు.

కోటలో దొరికే కాగితాలు

స్కాట్లాండ్‌లో జననమరణాలను ప్రభుత్వమే తప్పనిసరిగా నమోదు చేయడం 1855 జనవరి 1న మొదలైంది. అక్కడి మరణపత్రంలో చనిపోయిన మనిషి తల్లిదండ్రుల పేర్లూ, తల్లి పుట్టింటి ఇంటిపేరూ ఉంటాయి. వంశం వెతికేవాళ్లకు అంతకంటే ఏం కావాలి! కానీ ఆ పుస్తకం తెరిచే నాటికి మాథెసన్ ఓడలు చాలావరకు వెళ్లిపోయాయి. అలాంటి కుటుంబాలకు దిక్కు జనాభా లెక్కలే. 1851 లెక్కలు తీసింది మార్చి 30న. అంటే ఓడలు కదలడానికి కొద్ది వారాల ముందు! ఎన్నో ఇళ్లవాళ్లు అందరూ ఒక్కచోట ఉండగా రాసిన చివరి కాగితం అదే.

మరో ఆధారం జమీందారీ శిస్తు పద్దులు. ఎవరు ఎంత బాకీయో రాసుకున్న ఆ పద్దులే ఇప్పుడు మునిమనవళ్లకు వంశవృక్షాలు. ఇంకో విచిత్రమూ ఉంది. స్టోర్నోవేలో మాథెసన్ కట్టించుకున్న లూస్ కోటలోనే ఇప్పుడు దీవుల మ్యూజియం, దస్తావేజుల భాండాగారం ఉన్నాయి. ఎవరు ముత్తాతను ఓడెక్కించారో వారి ఇంట్లోనే కూర్చుని ముత్తాత ఆనవాళ్లు వెతుక్కోవాలన్నమాట!

కాగితం చెప్పనిది ఊరు చెబుతుంది. నెస్ ప్రాంతం వాళ్లు 1977లో ఒక స్థానిక చరిత్ర సంఘం పెట్టి, పెద్దల జ్ఞాపకాలూ పాత ఫొటోలూ సేకరించడం మొదలుపెట్టారు. తర్వాత మిగతా ప్రాంతాలూ ఆ దారే పట్టాయి. పక్కనే ఉన్న హారిస్‌లో బిల్ లాసన్ అనే వంశచరిత్రకారుడు దశాబ్దాలపాటు శ్రమించి, ఏ కమతంలో ఏ కుటుంబం ఉండేదో, ఎవరు ఎటు వెళ్లిపోయారో పుస్తకాలుగా రాశాడు. తన పరిశోధన కేంద్రానికి ఆయన పెట్టిన పేరు... 'కో లేష్ ఊ?'

మిగిలింది మొండిగోడలే

దీవిలో చిన్నకమతాన్ని 'క్రాఫ్ట్' అంటారు. ప్రతిదానికీ ఓ నంబరు. తాత ఉత్తరంలో ఆ నంబరుంటే సగం పని అయినట్టే. ఊరి పెద్ద ఎవరో దారిచూపిస్తే, ఆ చోట కనిపించేది తరచూ మోకాలెత్తు రాతిగోడలూ, వాటి మధ్య దురదగొండి మొక్కలూ. మట్టి కూరిన జోడు రాతిగోడలు, పైన గడ్డికప్పు, పొగగొట్టం లేదు. మధ్యలో ఎండిన బురదగడ్డల మంట, ఒకే కప్పుకింద ఇటు మనుషులు, అటు పశువులు... అదీ వాళ్ల పూర్వికుల ఇల్లు. ఆర్నల్ గ్రామంలో అలాంటి ఇంటిని చెక్కుచెదరకుండా కాపాడి సందర్శకులకు చూపిస్తున్నారు. తమ గోడల దగ్గర నిలబడ్డవాళ్లు మాత్రం ఓ రాయిముక్కో పిడికెడు మట్టో రుమాల్లో కట్టుకుని వెళుతుంటారు.

మన ఊళ్ల కథ రాయించింది ఈ ఊరివాడే

స్టోర్నోవేకి తెలుగువాళ్లు రుణపడి ఉన్నారు. మన పల్లెల 'కైఫీయతు'లు సేకరించిన కల్నల్ కాలిన్ మెకంజీ 1754 ప్రాంతంలో పుట్టింది అక్కడే. 1783లో మద్రాసు వచ్చాడు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరా కరణాల దగ్గరున్న సంగతులు రాయించాడు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో బెంగాల్‌లోనే కన్నుమూశాడు. పుట్టిన దీవికి మళ్లీ వెళ్లనే లేదు. ఇవాళ తమ ఊరి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనుకునే తెలుగువాళ్లు ఎందరో తిరగేసేది ఆయన రాయించిన కైఫీయతులే. ఒకరకంగా 'మీరెవరి తాలూకు?' అని ఆయన అడిగింది మన ఊళ్లను!

ఇప్పుడా ప్రశ్న పుట్టినచోటే దానికి కష్టకాలం వచ్చింది. 1872 విద్యాచట్టం బడిలో గేలిక్‌కు చోటివ్వలేదు. ఆ తర్వాత పిల్లలు చదువుకీ కొలువుకీ ఇంగ్లిషునే నమ్ముకున్నారు. 2022 జనాభా లెక్కల నాటికి పశ్చిమ దీవుల్లోనే గేలిక్ మాట్లాడేవాళ్లు సగానికంటే తగ్గిపోయారు. జనాభా లెక్కలు, శిస్తు పద్దులు భద్రంగా ఉంటాయి. కానీ నలుగురు డోనల్డ్ మెక్లౌడ్‌లలో మర్డో వాళ్ల డోనల్డ్ ఎవరో చెప్పగలిగేది ఆ ఊరి ముసలమ్మే. అందుకే వెళ్లాలనుకునేవాళ్లకు దీవివాసులు చెప్పే సలహా ఒకటే... ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగి తాతముత్తాతల పేర్లు వరసగా రాసుకోండి. కాగితాలు ఎక్కడికీ పోవు, పెద్దవాళ్లే ఆగరు!