ఇప్పచెట్టు మీది అతిథి

అరకు అనగానే ముందు గుర్తొచ్చేవి సొరంగాల్లోంచి వెళ్లే రైలు, బొర్రా గుహలు, కాఫీ, బొంగులో చికెన్. ఈసారి నేను వెళ్లింది వీటికోసం కాదు. జూన్ మొదటి వారంలో, తొలకరి చినుకులు పడగానే, అనంతగిరి కొండల్లో చెట్లమీద పూసే అడవి ఆర్కిడ్లను చూద్దామని బయల్దేరాను. ఆర్కిడ్ అంటే పెళ్లి మండపాలకు కట్టే ఊదారంగు పువ్వే అనుకుంటారు చాలామంది. అవి మన కొండల్లోనూ ఉన్నాయంటే ఓ పట్టాన నమ్మరు.

నాకు దారి చూపించింది అక్కడి ఓ గిరిజన కుర్రాడు. ఊరు దాటి అర కిలోమీటరు నడిచామో లేదో, ఓ ముసలి ఇప్పచెట్టు దగ్గర ఆగి పైకి చూపించాడు. కొమ్మ పంగలో పట్టీల్లాంటి మందపాటి ఆకులు, వాటి మధ్య నుంచి ఓ కాడ, కాడకు ఆరేడు పూలు. పసుపు, గోధుమ రంగులు కలిసి గళ్ల చీరలా ఉన్నాయి రేకులు. మధ్యలో నీలం ఛాయ ఉన్న చిన్న నాలుక. దగ్గరికెళితే తియ్యటి వాసన. దీన్ని వృక్షశాస్త్రంలో వాండా టెస్సెల్లేటా అంటారు. టెస్సెల్లేటా అంటే గళ్లగళ్లుగా ఉన్నది అని.

"మా అయ్య మావిడి సెట్టు మీద దీన్ని సూత్తే పీకి పారేసేవోడు సార్. సెట్టు రసం తాగేత్తాదని" అన్నాడు కుర్రాడు.

"తాగదు తమ్ముడూ. ఆ వేళ్లు చూడు, బెరడు పైపైనే పాకాయి. ఒక్కటీ లోపలికి దిగలేదు" అన్నాను.

అతను వేలితో తడిమి చూశాడు. "అయితే ఊరికే కూకుందన్నమాట!" అని నవ్వాడు.

పేరులోనే ఉంది చిక్కు

వాళ్ల అయ్యది తప్పనలేం. చెట్టుమీద పెరిగేదాన్ని దేన్నయినా మనవాళ్లు చాలాచోట్ల బదనిక అనేస్తారు. అసలు బదనిక చెట్టులోకి వేరు దించి నీళ్లూ సారమూ లాగేసే మొక్క. ఆర్కిడ్ అలా కాదు, చెట్టు దానికి అద్దె లేని అరుగు మాత్రమే. వాండా అన్న మాట కూడా సంస్కృతంలోంచి వెళ్లిందే. అక్కడా చెట్లమీద పెరిగే మొక్కలన్నిటికీ కలిపి వాడిన పేరే అది. అతిథినీ దొంగనీ ఒకే పేరుతో పిలిచేశాం!

ఈ పువ్వు శాస్త్రానికి పరిచయమైన కథలోనూ మన నేల ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో ఉండి, చుట్టుపక్కల మొక్కల్ని సేకరించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలమీద ఆయన పుస్తకం మొదటి సంపుటం 1795లో లండన్‌లో అచ్చయింది. మన గళ్లచీర పువ్వు అందులో ఉంది.

రాక్షసిబల్లుల కాలం నుంచి

ఆర్కిడ్ల వంశం ఎంత పాతదో చాలాకాలం తేలలేదు. మెత్తటి మొక్కలు కాబట్టి శిలాజాలు దొరకడం అరుదు. 2007లో ఓ సాక్ష్యం బయటికొచ్చింది. కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికిన ఓ గుగ్గిలం ముద్దలో కోటిన్నర, రెండు కోట్ల ఏళ్ల కిందటి తేనెటీగ ఇరుక్కుని ఉంది. దాని వీపు మీద ఆర్కిడ్ పుప్పొడి మూట! ఆ ఆధారంతో లెక్కగడితే ఆర్కిడ్ల మూలపురుషుడు దాదాపు 8 కోట్ల ఏళ్ల కిందట, రాక్షసిబల్లులు తిరిగే రోజుల్లోనే ఉన్నాడని తేలింది. ఇటీవలి జన్యు పరిశోధనల ప్రకారం వీటి పుట్టిల్లు ఉత్తరార్ధగోళం. ఇప్పుడున్న జాతుల్లో ఎక్కువ భాగం పుట్టింది మాత్రం గత 50 లక్షల ఏళ్లలోనే. వంశం పాతదే గానీ సంతానం కొత్తది.

ఆ సంతానం ఇవాళ సుమారు 28 వేల జాతులు. ఒక్క అంటార్కిటికాలో తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. ఐస్‌క్రీములో వెనీలా వాసన కూడా మెక్సికో ప్రాంతపు ఆర్కిడ్ కాయదే. మన దేశంలో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2019లో లెక్కతేల్చినవి 1,256 జాతులు. వాటిలో 388 ప్రపంచంలో మరెక్కడా లేవు.

ఇంత విస్తరించడానికి వీటికి దొరికిన దారి చెట్టెక్కడం. నేలమీద వెలుతురు కోసం కొట్లాడే కంటే కొమ్మ మీద కూర్చుంటే గాలీ వెలుతురూ దండిగా దొరుకుతాయి. దొరకనిది నీరు. అందుకే వేళ్లకు స్పంజి లాంటి తెల్లటి తొడుగు కట్టుకున్నాయి. వాన పడగానే అది నీటిని పీల్చుకుని పచ్చబడుతుంది. కుర్రాడు సీసాలో నీళ్లు కాస్త చల్లితే మా కళ్లముందే బూడిదరంగు వేరు ఆకుపచ్చగా మారింది. మన వాండా లాంటివి ఇంకో ఉపాయమూ నేర్చాయి. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి ఊపిరి పీలుస్తాయి. ఉన్న తడి ఆవిరైపోకుండా!

గాలికి ఎగిరే ధూళి

ఇంకాస్త పైన, గాలికొండ వైపు, ఓ మద్దిచెట్టుకు లేత గులాబీ చుక్కల పూలగుత్తి నక్కతోకలా వేలాడుతూ కనిపించింది. రింకోస్టైలిస్ రెటూసా. అస్సాంలో బిహు నాట్యం చేసే అమ్మాయిలు కొప్పులో తురుముకునే కొపౌ పువ్వు ఇదే. శ్రీలంక నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఇదే జాతి ఉంది. ఇంత దూరం ఎలా పాకింది?

విత్తనంలో ఉంది కిటుకు. ఆర్కిడ్ కాయ ఒక్కటి పగిలితే వేలు, లక్షల విత్తనాలు ధూళిలా లేస్తాయి. వాటిలో తిండి నిల్వ ఉండదు కాబట్టి బరువుండదు, గాలి ఎంత దూరమైనా మోసుకెళుతుంది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి దీవి మీద పచ్చదనం తుడిచిపెట్టుకుపోతే, పదిహేనేళ్లలోపే సముద్రం దాటి వచ్చిన మొక్కల్లో ఆర్కిడ్లు కూడా ఉన్నాయి.

మరి గాలికి ఎగిరే విత్తనమైతే ఊరూరా మొలవాలి కదా? మొలవదు. చద్దిమూట లేకుండా బయల్దేరిన విత్తనం పడ్డచోట దానికి తిండి పెట్టే బూజు ఉండాలి. కంటికి కనిపించని ఆ శిలీంధ్రం విత్తనంలోకి చేరి పోషిస్తేనే మొలక. మొలిచాక పూత పట్టడానికి ఏళ్లు పడుతుంది. పూశాక సరైన కీటకం రావాలి. ఈ మూడూ కుదిరే చోటు ముసలి చెట్టు, గరుకు బెరడు, చుట్టూ తడి గాలి ఉన్న అడవి. కాఫీ తోటల నీడకు వరసగా నాటిన సిల్వర్ ఓక్ చెట్లమీద ఆ రోజు మాకు మిరియాల తీగలు కనిపించాయి గానీ ఆర్కిడ్ ఒక్కటీ కనిపించలేదు.

తిరిగొస్తుంటే రోడ్డు వెడల్పు పనులకు కొట్టేసిన చెట్లు పక్కనే పడున్నాయి. ఓ మామిడి దుంగ మీద నాలుగు వాండాలు, ఒకదానికి ఇంకా పూలు. ఎండకు ఆకులు ముడతలు పడుతున్నాయి. కుర్రాడు ఏమీ మాట్లాడకుండా కత్తి తీసి, బెరడుతో సహా వాటిని పెళ్లగించాడు. వాళ్ల పెరట్లో, అయ్య పీకి పారేసేవాడన్న ఆ మామిడిచెట్టుకే కొబ్బరితాడుతో కట్టాడు. ముసలాయన అరుగు మీంచి చూస్తూ, "ఏట్రా, మళ్లీ దీన్ని తెచ్చావా?" అన్నాడు.

"ఇది తాగదు అయ్యా. ఊరికే కూకుంటాది."

ముసలాయన చుట్ట తీసి పక్కన పెట్టి, ఇంకేమీ అనలేదు.

ఆ నాలుగూ బతకొచ్చు. కానీ వాటికి పిల్లలు పుట్టాలంటే ఆ బూజు, ఆ తేనెటీగ, ఆ తడిగాలి కూడా కావాలి. తాడుతో కట్టి తేలేనివి అవే.

మీరు చూడాలనుకుంటే మే చివరి నుంచి జూన్ దాకా వెళ్లండి. ఆగస్టులో అయితే నేలమీద పూసే తెల్లటి హేబినేరియాలు గడ్డిలో కనిపిస్తాయి. ఊరివాళ్లను తోడు తీసుకెళ్లండి, వాళ్ల కళ్లకు కనిపించేవి మనకు కనిపించవు. ఫొటో తీసుకోండి, మొక్క మాత్రం తేవద్దు. అంతర్జాతీయ వ్యాపారంలో ఆర్కిడ్లన్నిటి మీదా నియంత్రణ ఉంది. అది అలా ఉంచినా, బాల్కనీ కుండీలో బూజూ లేదు, ఇప్పచెట్టూ లేదు. అతిథిని పలకరించి వచ్చేయడమే మర్యాద.