పొల్లాచి అరటిపళ్ళు

ఆ అరటిపళ్ళు కొన్నది నేనే. 2011 సంక్రాంతి సెలవుల్లో, తమిళనాడులోని పొల్లాచిలో తోపుడుబండి మీద, రెండు డజన్లు. బస్సులో ఉన్న ఇరవై రెండు మందికీ దారిలో తలా ఒకటి ఇద్దామనే అనుకున్నాను. అందులో ఒక పండు ఎక్కడికి వెళ్ళిందో, దాంతో ఏం మొదలైందో చెప్పడానికే ఇప్పుడు రాస్తున్నాను.

తిరుపతిలో ఇరవై ఆరేళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. పడమటి కనుమల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక బొమ్మ గీసేదాన్ని. నల్లటి ఒళ్ళు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, కొసన కుచ్చున్న తోక. సింగళీకం, అంటే సింహపు తోక కోతి. ఈ కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. అడవుల్లో ఉన్నవన్నీ కలిపినా నాలుగు వేలకు మించవని అంచనా. కేరళలో సైలెంట్ వ్యాలీని ముంచే ఆనకట్ట వద్దని జనం ఏళ్ళ తరబడి కొట్లాడి, 1984లో ఆ అడవిని జాతీయ పార్కు చేయించుకున్నప్పుడు ఆ పోరాటానికి గుర్తుగా నిలిచింది ఈ కోతే. 'ఇది చిటారు కొమ్మల మీదే బతుకుతుంది, నేలకు దిగడం అరుదు' అని రెండు మార్కుల జవాబు ఎన్ని వందల మందితో రాయించానో. ఆ జవాబును అబద్ధం చేసే పనిలో నా చెయ్యి కూడా ఉంది.

పుస్తకంలో చెప్పింది కళ్ళారా చూపించాలన్న ఆశతోనే ఆ యాత్ర మొదలుపెట్టాను. పాత విద్యార్థులు, వాళ్ళ పిల్లలు, ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు. కరపత్రంలో 'పర్యావరణ యాత్ర' అని వేయించాను. ఆళియార్ ఆనకట్ట దాటాక కొండ మీదికి నలభై హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకూ నంబరు. పిల్లలు గట్టిగా లెక్కపెడుతున్నారు. తొమ్మిదో మలుపు దగ్గర రాళ్ళ మీద నీలగిరి తార్లు అనే కొండమేకలు కనబడ్డాయి. తమిళంలో వరయాడు అంటారు వాటిని. నలభై పూర్తయి పైకి చేరితే వాల్పరై, సముద్రమట్టానికి మూడున్నర వేల అడుగుల ఎత్తు. కనుచూపు మేర తేయాకు. ఆ పచ్చదనం చూసి బస్సులో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఒకప్పుడు ఆ తోటలున్న చోటంతా వర్షారణ్యమే. 1890ల నుంచి తోటల కోసం నరుకుతూ పోతే, 220 చదరపు కిలోమీటర్ల పీఠభూమి మీద అడవి నలభై దాకా ముక్కలుగా మిగిలింది. తేయాకు సముద్రంలో లంకలు అవి. చుట్టూ ఆనైమలై పులుల అభయారణ్యం ఉంది కానీ, లంకలో చిక్కిన జీవికి అక్కడికి దారి లేదు.

అలాంటి ఒక లంక, పుదుత్తోట్టం, వాల్పరై ఊరికి దాదాపు ఆనుకునే ఉంటుంది. వంద హెక్టార్ల లోపు. దాని మధ్యలోంచి రోడ్డు. మా బస్సు అక్కడ ఆపించాను. రెండు గంటలు నిలబడ్డాం. ఆకుల కదలిక, దూరంగా ఒక కూత, అంతే. పిల్లలు విసుక్కున్నారు. ఒకావిడ 'ఇంతేనా మేడమ్' అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. వాళ్ళ చేత డబ్బు కట్టించింది నేను. కోతిని చూపిస్తానని మాట ఇచ్చింది నేను. సంచిలోంచి ఒక పండు తీసి, సగం ఒలిచి, చెయ్యి చాచాను.

చిన్నప్పుడు మా అవ్వ వెంట అలిపిరి మెట్లెక్కేదాన్ని. కోతుల కోసమని ఆమె కొంగున బొరుగులు, వేయించిన శనగలు మూటగట్టుకునేది. కోతి ఎదురైతే ఆంజనేయస్వామే వచ్చాడని కళ్ళకద్దుకుని పెట్టేది. ఆ భక్తిని ఇవాళ కూడా నేను తక్కువ చేయను. కానీ గుడి మెట్ల మీద తరతరాలుగా మనుషుల మధ్య మసలుతున్న కోతి వేరు, మనిషి జాడ చూస్తే పైకొమ్మకు పాకే కోతి వేరు. ఆ తేడా మా అవ్వకు తెలియాల్సిన పని లేదు. నాకు తెలుసు. తెలిసే చాచాను.

రెండు కోతులు దిగాయి. పండును పక్కనున్న నా విద్యార్థిని కూతురి చేతికిచ్చాను. ఒకటి రోడ్డు అంచుదాకా వచ్చి, ఆ పాప చేతిలోంచి అందుకుంది. ఆ క్షణాన్ని ఎవరో ఫొటో తీశారు. తిరుపతిలో మా ఇంటి హాల్లో ఆ ఫొటో ఆరేళ్ళు వేలాడింది. వచ్చినవాళ్ళంతా 'ఎంత దగ్గరగా!' అనేవాళ్ళు. ఆ ఫొటో చూసే మరుసటి ఏడు ముప్పై అయిదు మంది పేర్లిచ్చారు. పొల్లాచిలో పళ్ళు కొనుక్కోండని బస్సులో నేనే మైకులో చెప్పేదాన్ని. ప్రతి సంక్రాంతికీ అదే రోడ్డు, అదే మలుపు, అదే చాచిన చెయ్యి. 2012లో యునెస్కో పడమటి కనుమలకు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు, మనమంతా ఆ వారసత్వాన్ని ముట్టుకుని వచ్చినవాళ్ళమని యాత్రికులకు ఉత్తరం రాశాను. ముట్టుకోవడం గొప్ప అనుకున్న రోజులవి.

2016 జనవరి. పొద్దున్నే మంచు. ఒక బస్సు, వెనక ఒక వ్యాను, నలభై ఒక్క మందిమి. ఆ మలుపు దగ్గరికి రాగానే డ్రైవరు ఆపాడు. ముందు రోడ్డు మీద అయిదారుగురు గుమిగూడి ఉన్నారు. దిగి చూస్తే, తారు మీద ఒక సింగళీకం పక్కకు ఒరిగి పడుంది. ఆడది. ఏదో బండి గుద్దేసి వెళ్ళిపోయింది. చేతికి మూరెడు దూరంలో చింపిన చిప్స్ పొట్లం. అది చూసిన దుఃఖంలో నేనుండగానే వెనక మా బస్సు తలుపు తెరుచుకుంది. ఆ చప్పుడుకు పొదల్లోంచి నాలుగు కోతులు నేల మీదుగా పరుగున వచ్చి మెట్ల దగ్గర కూర్చున్నాయి. ఒకదాని పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది. బస్సు ఆగితే పండు వస్తుందని వాటికి తెలుసు. చనిపోయిన దానికీ అదే తెలిసుంటుంది.

అక్కడ వాహనాలను నెమ్మది చేయించే పనిలో ఉన్న ఒక ఊరి కుర్రాడు నా చేతిలో సంచి చూశాడు. 'పళం కుడుక్కాదీంగమ్మా' అన్నాడు. పండు ఇవ్వకండమ్మా, అని. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు తమిళం బాగానే వచ్చు. ఆ పూట నోట మాట రాలేదు. అతను కోపంగా అనలేదు. 'ఇక్కడ ఆపడం ఎవరు మొదలుపెట్టారో తెలీదమ్మా. ఒకరు ఆపితే చూసి ఇంకొకరు ఆపుతారు' అన్నాడు. నేనొక్కదాన్నే కాదు, సెలవుల్లో ఆ దారిన వందల కార్లు పోతాయి, చాలామంది పెట్టారు. అయినా ఆ చాలామందిలో ఆరేళ్ళపాటు ఏటా వచ్చి, మైకులో చెప్పి మరీ పెట్టించినదాన్ని నేను.

ఆ కుర్రాడి దగ్గరే ఆ పూట కూర్చున్నాను. మావాళ్ళను జలపాతానికి పంపించేశాను. అతను చూపించినవీ, తర్వాత నేను మళ్ళీ పుస్తకాలు తెరిచి చదివినవీ కలిపి చెబుతాను. సింగళీకానికి ముఖ్యమైన తిండి ఆ అడవిలోనే ఉంది. మలయాళంలో వెడిప్లావు అనే చెట్టు పూలు, పనసకాయలా ముళ్ళున్న దాని కాయల్లోని గింజలు, అడవి జాజికాయలు, పురుగులు. తిండి చెట్టు చెట్టుకూ చెదిరి ఉంటుంది కాబట్టి గుంపు కూడా చెదిరి, రోజంతా కొమ్మల మీద తిరుగుతూ తింటుంది. బుగ్గల్లో దాచుకున్న పళ్ళ గింజలను ఎక్కడో ఉమ్మేస్తుంది. అడవి అలా కూడా మొలుస్తుంది. మనం ఒక చోట పళ్ళు పోస్తే గుంపంతా అక్కడే చేరి కొట్టుకుంటుంది. బలమైనవి తింటాయి, పిల్లతల్లులు దెబ్బలు తింటాయి. అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఒక లెక్క. ఈ ఆడకోతి మొదటి ఈతకు దాదాపు ఆరేళ్ళు పడుతుంది. తర్వాత రెండున్నర, మూడేళ్ళకు ఒక్క పిల్ల. నాలుగు వేల లోపు ఉన్న జాతిలో, వంద హెక్టార్ల లోపు లంకలో, ఆ పొద్దున రోడ్డు మీద పోయినది ఒక ప్రాణం మాత్రమే కాదు. ఈ లెక్క నా పాఠంలోనే ఉంది. నేనే చెప్పేదాన్ని.

ఆ రోడ్డు మీద తలెత్తి చూస్తే చెట్టు నుంచి చెట్టుకు కట్టిన వంతెనలు కనబడతాయి. రోడ్డు వేయడంతో తెగిపోయిన కొమ్మల దారికి బదులుగా, కోతులు నేలకు దిగకుండా దాటాలని వేలాడదీసినవి. ఆరేళ్ళు వాటి కిందే నిలబడి, కిందికి రమ్మని పిలిచాను.

ఒక తప్పు కనబడ్డాక మిగతావీ కనబడ్డాయి. మన తెలుగువాళ్ళ యాత్ర అంటే తెలిసిందే కదా, వంటమనిషి, బియ్యం, పప్పు, పచ్చళ్ళు, గ్యాసు పొయ్యి అన్నీ బస్సులోనే. అది పొదుపనుకున్నాను, పిల్లలకు మన తిండి దొరుకుతుందనుకున్నాను. ఒక రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుంటే తెలిసింది, మేము కట్టిన డబ్బులో వాల్పరై మనిషి చేతికి వెళ్ళింది దాదాపు లేదు. బస్సు తిరుపతిది, వంట తిరుపతిది, బసకిచ్చిన డబ్బు కోయంబత్తూరు యజమానికి. అడవిని కాపాడితే అక్కడివాళ్ళకు అన్నం దొరకాలన్నది ఈ రకం పర్యటన అసలు ఉద్దేశం. మేము వాళ్ళకు మిగిల్చింది బస వెనక విస్తరాకుల కుప్ప, దాని కోసం రాత్రి వచ్చే అడవిపందులు. ఇంకో ఏడు రాత్రిపూట ఏనుగులను చూద్దామని జీపుల్లో తిప్పాను. ఏనుగు ఎక్కడుందో ఫోన్లకు సందేశాలు పంపి, దారిలో ఎర్రదీపాలు వెలిగించి కూలి జనాన్ని హెచ్చరించే ఏర్పాటు అక్కడుంది. దాన్ని నడిపిన ఆనంద కుమార్‌కు 2015లో ప్రకృతి సంరక్షణకిచ్చే విట్లీ అవార్డు వచ్చింది. ఊరివాళ్ళు ఆ ఎర్రదీపం చూసి ఆగిపోతారు. మేము దీపం చూసి అటే పోనిమ్మన్నాం. ఎవరికీ ఏమీ కాకపోవడం మా అదృష్టం, అంతే.

మొక్కల సంగతి కూడా చెప్పాలి. ఒక యాత్రకు వంద మొక్కలు బస్సు పైన కట్టించుకుని వెళ్ళాను, అక్కడ నాటుదామని. ఎక్కువగా తురాయి, కానుగ. అక్కడి ఒక పెద్దాయన మర్యాదగా వద్దన్నాడు. అప్పుడు నొచ్చుకున్నాను. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళ నర్సరీ చూశాక అర్థమైంది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు దివ్య ముడప్ప, టి.ఆర్. శంకర్ రామన్ రెండు దశాబ్దాలకు పైగా తోటల యజమానులను ఒప్పించి, చితికిపోయిన ఆ అడవి ముక్కలను మళ్ళీ నిలబెట్టే పని చేస్తున్నారు. విత్తనాలు అడవి అంచుల్లో, రోడ్ల మీద ఏరుకొస్తారు. నాగకేసరం, నల్ల గుగ్గిలం, రుద్రాక్ష జాతి చెట్లు, వెడిప్లావు, ఇలా వందకు పైగా రకాలు. ఏ ముక్కలో ఏ చెట్టు ఉండేదో చూసుకుని, కలుపు తీసి, పక్కపక్కన వేరు వేరు రకాలు నాటుతారు. కొన్ని మొక్కలు మోకాలెత్తు రావడానికే ఏళ్ళు. నా తురాయి పూలకు ఆ లంకలో పని లేదు.

ఆ ఫొటో తీసేశాను. ఆ పాపకు, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది, ఎందుకు తీసేశానో ఉత్తరం రాశాను. 2018 నుంచి వెళ్ళేది ఎనిమిది మందిమే. ఇంటిభోజనం పెట్టే ఊరివాళ్ళ దగ్గరే తింటాం, తోటల్లో పుట్టి పెరిగిన మనిషినే దారి చూపడానికి పెట్టుకుంటాం. చీకటి పడితే గది దాటం. కోతి కనబడుతుందని మాట ఇవ్వను. మొన్నటి యాత్రలో మూడు ఉదయాలు కాచుకుంటే రెండు ఉదయాలు జలగలు తప్ప ఏమీ రాలేదు. మూడోనాడు ఒక పెద్ద హార్న్‌బిల్ మగపక్షి కనబడింది. తొర్రలో తనను తాను మూసేసుకున్న ఆడపక్షికి సన్నటి చీలికలోంచి పళ్ళు అందిస్తోంది. దూరం నుంచే, ఎవరమూ మాట్లాడకుండా గంటసేపు చూశాం. 'ఇంతేనా' అని ఎవరూ అనలేదు.

శ్రీశైలం ఘాట్ రోడ్డులో, తిరుమల దారిలో, మారేడుమిల్లి మలుపుల్లో మనం చేసేదీ ఇదే. కారు ఆపుతాం, అద్దం దించుతాం, పొట్లం విప్పుతాం. దయచేసి ఆపకండి.

2011 నుంచి 2016 దాకా నాతో వాల్పరై వచ్చినవాళ్ళు రెండు వందలకు తక్కువ ఉండరు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, అరటిపండు చాచడం మీ పిల్లలకు నేర్పింది నేనే. అది తప్పని మేడమే చెప్పిందని ఇవాళ వాళ్ళకు చెప్పండి.