సుధ, కావి, ఒక ఉమ్మడి గోడ

సుధ అంటే అమృతం. సుధ అంటే సున్నం కూడా. సుధ పూసినది కనుక సౌధమైంది. అంతటి గంభీరమైన మాట వెనుక ఉన్నది కాస్త సున్నమేనని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్వేవారు. మన 'సున్నం' సైతం సంస్కృత 'చూర్ణం' ప్రాకృతం మీదుగా నడిచి వచ్చిన రూపమే. రాజు నివసించే మందిరాన్ని ధవళగృహమన్నాడు బాణుడు హర్షచరిత్రలో. ఇంటికి అందం తెలుపేనని మన వాఙ్మయం ఏనాడో తీర్పు చెప్పినట్లే లెక్క. ఇంటి గోడల రంగుల గురించి వ్రాయబూని వ్యుత్పత్తులతో మొదలుపెట్టానేమిటని మిత్రులు అనుకోవద్దు. ఆ తీర్పు మీదనే మా ఇంట ఈమధ్య వ్యాజ్యం నడిచింది.

మా చిన్నతనంలో రంగుల ఎంపిక అన్న ప్రసక్తే లేదు. సంక్రాంతి దగ్గర పడితే గోడకు సున్నం, అరుగు అంచుకు కావి, గడపకు పసుపు. తెలంగాణ మిత్రులు కావిని జాజు అంటారు. సున్నం ఆరిన తరువాత పసుపు ఛాయ తేలకుండా తొట్టిలో చిటికెడు నీలిమందు, గోడకు పట్టి ఉండడానికి కాస్త జిగురు కలిపేవారు. పూసిన నాడు గోడ మసకగా ఉండేది. తెల్లవారేసరికి కళ్ళు చెదిరేవి. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ సున్నపురాయిగా మారడమే అందులోని కిటుకు. గుడి ప్రాకారానికీ ఆ తెలుపు, కావి పట్టెలే. కలవారి ఇంటికీ, లేనివారి ఇంటికీ అవే. రంగును బట్టి ఇల్లు ఎవరిదో పోల్చుకునే వీలుండేది కాదు.

ఇప్పుడు దుకాణంలో ఇచ్చే షేడ్ కార్డులో వెయ్యికి పైగా ఛాయలున్నాయి. ఎంపిక వచ్చిన చోటికి వెనుకనే అభిప్రాయభేదం కూడా వస్తుంది.

మాది తెనాలికి దగ్గరలో ఒక పల్లె. పడమటి ముఖం ఇల్లు. నాన్నగారు కాలం చేసిన రెండేళ్ళకు, 1998లో, నేనూ తమ్ముడూ ఇల్లు పంచుకున్నాం. పెరట్లో అడ్డుగోడ లేచింది, బావి వాడి వైపు పోయింది, కొబ్బరిచెట్లు నా వైపు వచ్చాయి. వీధి అరుగును మాత్రం ఎవరమూ తాకలేదు. నాలుగు స్తంభాలు, నాకు రెండు, వాడికి రెండు. ఏటా సున్నం వేసే మనిషి ఒక్క తొట్టిలోనే కలిపి ఉత్తరపు కొస నుండి దక్షిణపు కొస దాకా పూసుకుంటూ పోయేవాడు. పంపకాల తరువాత మాకు మాటలు లేని రెండేళ్ళలోనూ అంతే. కూలి మాత్రం చెరిసగం ఇచ్చేవాళ్ళం. వీధిన పోయేవారికి అది ఒకే ఇల్లు.

కిందటి ఏడాది తమ్ముడి కుమార్తెకు పెళ్ళి కుదిరింది. ఇంటికి మంచి రంగులు వేయించాలని వాడు నిశ్చయించాడు. పట్నం నుండి వచ్చిన పెయింటింగ్ మేస్త్రీ ఇంటిని ఫోటో తీసి, కంప్యూటర్‌లో రంగులద్ది ఒక బొమ్మ తెచ్చాడు. గోడకు ముదురు బూడిద, స్తంభాలకు నారింజ. బొమ్మ చక్కగానే ఉన్నది. అయితే అందులో మా సగం లేదు. అడ్డంగా కోసేసినట్లు రెండు స్తంభాల దగ్గరే ఇల్లు ఆగిపోయింది.

"ఒరే, అరుగు మధ్యలో రంగు మారితే ఎలా ఉంటుందో చూశావా?" అన్నాను.

వాడు కొంతసేపు ఊరుకొని, "అన్నయ్యా, ముప్పై ఏళ్ళుగా అందరూ దీన్ని మాస్టారి ఇల్లనే అంటున్నారు. వియ్యాలవారు రేపు అడ్రసు అడిగినప్పుడు కూడా నేను మాస్టారి ఇల్లనే చెప్పాలా?" అన్నాడు.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇల్లు ఒకటిగా కనబడాలని నేను కోరడంలో ఎంత న్యాయమున్నదో, తన ఇల్లు తనదిగా కనబడాలని వాడు కోరడంలోనూ అంత న్యాయమున్నది. జైపూరు నగరానికి 1876లో ఇంగ్లండు యువరాజు వస్తున్నాడని ఒకే గులాబి ఛాయ పూయించాడు అక్కడి రాజు. రాజు శాసిస్తే ఊరంతా ఒక్క రంగు కావచ్చు. అన్నగారు శాసించే కాలం కాదు ఇది, శాసించడం నాకు ఇష్టమూ లేదు.

కాబట్టి రంగు సంగతి రంగుగానే ఆలోచిద్దామన్నాను. మేస్త్రీ పనెరిగిన మనిషి. పాత సున్నం మీద ఎమల్షన్ వేస్తే పట్టు నిలవదని, పెచ్చులుగా లేచిపోతుందని, ముందు గోడంతా గీకి ప్రైమర్ కొట్టాలని చెప్పాడు. కార్డు మీద అంగుళం ముక్కలో లేతగా కనిపించిన రంగు గోడంతా పరుచుకుంటే ముదురుగా అనిపిస్తుందట. అందుకని గోడ మీదనే రెండడుగుల చదరాలుగా అయిదు రంగులు పూయించి, మూడు రోజులు మూడు పూటలా చూశాం.

పడమటి గోడ విచిత్రమైనది. ఉదయమంతా నీడలో ఉంటుంది కనుక బూడిద రంగు నీలంగా, దిగులుగా తోచింది. సాయంత్రం వాలుటెండకు మీగడ రంగు పసుపు కొమ్ములా మెరిసింది. ముదురు రంగు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ చదరం మీద చెయ్యి వేసి చూసిన తమ్ముడు వెంటనే తీసేశాడు. తెలుపు ఎండను తిప్పికొట్టడం పెద్దలకు తెలిసిన విద్యే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన చల్లని పైకప్పుల విధానంలోనూ సూత్రమిదే. నారింజ వంటి మెరుపు రంగులు ఎండకు తొందరగా వెలుస్తాయన్నాడు మేస్త్రీ. కావి అలా వెలవదు. అది ఇనుప తుప్పు జాతి రంగు. ఎండ కాచినా వాన కురిసినా దాని పట్టు వదలదు.

పరిష్కారం చెప్పినది మా మరదలు. "బావగారూ, గద్వాల చీర చూడండి. ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఒంటి రంగు నెమ్మదిగా ఉంటే అంచు ఎంత గట్టిదైనా నప్పుతుంది. గోడ అందరిదీ కానివ్వండి, అంచు ఎవరిది వారిది" అన్నది. ఆమె మాటలోని అలంకారం కన్నా లెక్క నాకు నచ్చింది. గోడ పెద్దది, అది నెమ్మదిగా ఉండాలి. తలుపులు, కిటికీలు, పిట్టగోడ అంచు చిన్నవి, అవి పలకవచ్చు.

గోడంతా మీగడ తెలుపు, ఈ కొస నుండి ఆ కొస దాకా. నేలకు పైన రెండడుగుల మేర కావి పట్టె, అదీ ఎక్కడా తెగకుండా. వానకు చిందే మట్టి మరకలు అందులో కలిసిపోతాయి. నాలుగు స్తంభాలూ మీగడే. తమ్ముడి తలుపులకు, కిటికీలకు, పిట్టగోడ అంచుకు వాడు కోరిన బూడిద, కాకపోతే నీలం పాలు కాస్త ఎక్కువ. వెచ్చని కావి సరసన చల్లని ఆ రంగు బాగా నిలిచింది. మా వాటికి ఆకుపచ్చ. తమ్ముడు శుభలేఖల మీద తన పేరుతోనే చిరునామా అచ్చు వేయించి, కింద 'బూడిద రంగు తలుపుల ఇల్లు' అని గుర్తు వ్రాయించాడు. మేస్త్రీకి మాత్రం మొత్తం గోడకు లెక్క కట్టి చెరిసగం ఇచ్చాం, వెనుకటి వలెనే.

రంగులు ఎంచుకోబోయే మిత్రులకు నేను చెప్పగలిగినది ఇంతే. కార్డును నమ్మవద్దు, గోడను అడగండి. మీ గుమ్మం ఏ దిక్కు చూస్తుందో, ఆ దిక్కు ఎండలో నిలబడి చూడండి. మూడు రంగులకు మించవద్దు. పక్కింటి గోడను కూడా మీ బొమ్మలో చేర్చి చూసుకోండి.

చివరగా ఒక మనవి. డబ్బాల మీద రంగుకు ఒక అంకె, ఒక ఆంగ్లనామం తప్ప మన మాట లేదు. మన భాషలో మాటలకేం కొదవ? గంధం, చిలకపచ్చ, ఉల్లిపొర, వంకాయ, కనకాంబరం, నెమలికంఠం, మామిడి చిగురు... చీరల దుకాణంలో ఈనాటికీ పలికే ఈ పేర్లు గోడల దాకా రాలేదు. అన్నట్లు, పచ్చ అన్న ఒక్క మాటతో పసుపునూ ఆకు రంగునూ కూడా సరిపెట్టిన జాతి మనది! తమ్ముడి తలుపుల రంగుకు, నీలానికీ బూడిదకూ నడుమ ఉన్న ఆ ఛాయకు, నేనింకా తగిన తెలుగు మాట కోసం వెతుకుతున్నాను. మీ ప్రాంతంలో దాన్ని ఏమంటారో తెలియజేస్తే సంతోషిస్తాను.