కార్ల ఊళ్లో గుండె దరువు

డెట్రాయిట్ అంటే ఎవరికైనా కార్ల ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. హిప్‌హాప్ అభిమానులకు మాత్రం ఆ నగరానికి ఈశాన్యాన ఉన్న కొనాంట్ గార్డెన్స్ పుణ్యక్షేత్రం. జె డిల్లాగా పేరొందిన జేమ్స్ యాన్సీ పెరిగింది నల్లజాతి కుటుంబాల ఈ పేటలోనే. స్లమ్ విలేజ్ బృందం పుట్టిందీ ఇక్కడే. పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి, ఎంపీసీ యంత్రంపై ఆయన వేళ్లతోనే దరువు వేసేవారు. లయను సరిదిద్దే మీటను తరచూ పక్కనపెట్టేవారు. అందుకే ఆ దరువు గడియారంలా కాదు, మనిషి నడకలా వినిపిస్తుంది. రక్తవ్యాధి, లూపస్ కుంగదీసినా పని ఆపలేదు. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజునే 'డోనట్స్' ఆల్బం విడుదలైంది. మూడు రోజులకే లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు. ఆయన ఎంపీసీ వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి చేరింది. దరువు మాత్రం ఈ వీధులదే. చెవిలో 'డోనట్స్' పెట్టుకుని ఓసారి ఇక్కడ నడిచి చూడండి.