కూలికి కాకుండా ఎక్కిన రైలు

మొన్న సంక్రాంతి సెలవుల్ల మేం ఆరుగురం మనాలి పోయొచ్చినం. ఫొటోలు చూసి శానా మంది "పైసలెక్కడియిరా?" అని అడిగిండ్రు. ఆ ముచ్చటే రాస్తున్నం. కొంచెం పెద్దగైతది, ఓపికతోని చదువుండ్రి.

మాల ముగ్గురిది అచ్చంపేట దిక్కు, ఇద్దరిది వనపర్తి దగ్గరి తండా, ఒకడిది గద్వాల. అందరం ఒకటే హాస్టల్. మా ఇండ్లల్ల డిగ్రీ దాక వచ్చినోళ్లం మేమే మొదలు.

దసరా సెలవుల్ల గద్వాల దిక్కు సీడ్ పత్తి చేన్లల్ల క్రాసింగ్ పనికి పోయినం. సాయంత్రం మొగ్గలు గిల్లుడు, తెల్లారి మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అద్దుడు. నడుములు పట్టేస్తయి. ఆ కూలి దాచిపెట్టినం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ల స్లీపర్, ఆడికెళ్లి రాత్రి హిమాచల్ సర్కారు బస్సు. తిండి, రూముతోని కలిపి మనిషికి 8 వేల లోపలే అయింది.

ఇంట్ల మాత్రం అయిదుగురం అబద్ధం చెప్పినం. "కాలేజోళ్లు తోల్కపోతున్నరు, ఖర్చు వాళ్లదే" అన్నం. ఒక్కడు నిజం చెప్పిండు, ఊరికే చూసొస్తమని. వాళ్ల యాడి అడిగింది: "ఎన్ని నెలలు బిడ్డా? మేస్త్రి ఎవరు? అడ్వాన్స్ ఇచ్చిండా?" మేం పడి పడి నవ్వినం.

సోలాంగ్ లోయ మనాలి నుంచి 14 కిలోమీటర్ల దాక ఉంటది. స్కీయింగ్‌కు కాలుకొక పలక, స్నోబోర్డ్‌కు రెండు కాళ్లూ ఒకే పలకకు బిగిస్తరు. అడ్డం తిరిగి నిలబడాలె. ఆగాలంటే మడిమల మీద బరువేసి బోర్డు అంచు మంచుల దింపాలె. నేర్పే పిలగాడు ముందు పడుడే నేర్పిండు. చేతులు చాపి పడితే మణికట్టు విరుగుతదట, పిడికిలి మూసుకొని పడాలె. గంటకు 700 అన్నడు. మాల ఒకడు బూట్లు ఏసుకొని మళ్లా విప్పేసిండు. "రెండు దినాల క్రాసింగ్‌రా ఇది" అన్నడు. ఎవరం మాట్లాడలే. మేం పడుకుంట లేసుకుంట ఉంటే ఆయన గట్టు మీద కూసొని చూసిండు. ఆఖరికి మా బోర్డే బలవంతంగ కట్టినం. పెంటల పుట్టి, తేనె కోసం తాడు పట్టుకొని కొండచరియలు దిగిన పిలగాడు. వాడు గూడ పడ్డడు గాని, మా అందరికన్న తక్కువ పడ్డడు.

తెల్లారి ఊర్ల తిరిగినం. దేవదారు చెట్ల నడుమ హడింబా గుడి ఉంది, 1553ల కట్టింది. భీముడు పెండ్లాడిన హిడింబే ఆమె. మన నాటకాలల్ల, సినిమాలల్ల రాక్షసి. ఆడ ఊరికే దేవత. కులు రాజుల ఇంటోళ్లు ఆమెను దాదీ అంటరు, ఆమె రానిది కులు దసరా మొదలుగాదు. అడవి మనిషికి అంత మర్యాద చూసి గుడి ముందట శానా సేపు కూసున్నం.

మూడో దినం అటల్ టన్నెల్ దాటినం. 9 కిలోమీటర్ల సొరంగం, 2020 అక్టోబర్‌ల తెరిచిండ్రు. అంతకు ముందు చలికాలం రోహ్‌తాంగ్ కనుమ మంచుతోని మూసుకపోతే అవతలి లాహౌల్‌కు నెలల తరబడి తొవ్వ ఉండకపోయేది. లాహౌల్ గూడ మన అమ్రాబాద్ ఊర్ల లెక్కనే షెడ్యూల్డ్ ఏరియా. రోడ్డు పక్కన నలుగురు పారలతోని మంచు ఎత్తుతున్నరు. జార్ఖండ్‌ల దుమ్‌కా దిక్కు ఆదివాసులు. చాయ్ కాడ ఒకాయన మా మొఖాలు చూసి అడిగిండు, "ఏ కంపెనీల పనికొచ్చిండ్రు?"

యాడి అడిగింది గూడ అదే. ఈసారి మాకు నవ్వు రాలే. పాలమూరోళ్లు బస్సెక్కినా, రైలెక్కినా మట్టి పనికే. బొంబాయి, పుణె, యాడ ప్రాజెక్టు కడితే ఆడికే. మా ఇండ్లల్ల ప్రయాణం అంటే వలసనే. ఊరికే చూసొచ్చుడు అన్న మాట యాడికి ఎట్ల అర్థమైతది?

వచ్చినంక అయిదుగురం ఇంట్ల నిజం చెప్పినం. తిట్లు పడ్డయి. ఒకరి నాయన మాత్రం తిట్టలే, రెండు దినాలు మాట్లాడలే. మూడో దినం అన్నం తినుకుంట అన్నడు: "పదేండ్లు బొంబాయిల పని చేసిన. సముద్రం ఒక్కపారి గూడ చూడలే."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మాలావత్ పూర్ణ 2014ల 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. మొదలు నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదనే. మనాలిల సర్కారు పర్వతారోహణ సంస్థ చలికాలం స్కీయింగ్ కోర్సులు పెడ్తది, చూడుండ్రి. మా లెక్క అబద్ధం చెప్పి మాత్రం పోకుండ్రి.

ఎండకాలం సెలవుల్ల ఆ నాయనను బొంబాయి తోల్కపోదామనుకుంటున్నం. ఆయన వద్దనే అంటున్నడు, పైసలు దండుగట. ఆడ ఉండనీకి తక్కువల దొరికే జాగ ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి.