నాలుగు దిక్కుల కట్టు

తాడు గట్టిదైతే చాలునని చాలామంది భావన. మోటారు సైకిలును వాహనంపై ఊరు దాటించేటప్పుడు తాడు బలం కన్నా అది లాగే దిక్కు ముఖ్యం.

మా అబ్బాయి బండిని విజయవాడ నుండి హైదరాబాదుకు 65వ జాతీయ రహదారి మీదుగా ట్రాలీలో పంపవలసి వచ్చింది. ఆ పనిలో తల నెరసిన హమాలీ ముందు చక్రాన్ని ట్రాలీ ముందుగోడకు ఆనించి, బండిని నిటారుగా నిలిపి, మొదటి గేరులో ఉంచాడు. సైడు స్టాండు వేయలేదు. "గతుకు గతుకుకూ బరువంతా ఆ ఒంటికాలి మీదే పడుతుంది మాస్టారూ!" అన్నాడు.

హ్యాండిల్ దిగువన ఫోర్కులను పట్టి ఉంచే బ్రాకెట్టుకు ఇరువైపులా పట్టీలు తగిలించి, ముందుకూ క్రిందికీ ఏటవాలుగా లాగాడు. స్ప్రింగులు సగం కుంగగానే ఆపాడు. పూర్తిగా కుంగదీస్తే ఆయిల్ సీళ్ళకు చేటు. వదులుగా విడిచితే కుదుపులో పట్టీ సడలి కొక్కెం ఊడుతుంది. వెనుక ఫ్రేముకు మరి రెండు పట్టీలు బిగించి, ఇనుము రాసుకొనే చోట గోనెగుడ్డ పెట్టాడు. కొంత దూరం పోయాక ఆపి, పట్టీలు మరల బిగించమని డ్రైవరుకు చెప్పాడు.

ట్రాలీ వెనుక పసిబిడ్డతో స్కూటరుపై వచ్చే దంపతులకు మన ముడి ఎటువంటిదో తెలియదు. వారి క్షేమం మాత్రం దానిలోనే ఉన్నది. 'కట్టు', 'పాటు' కలిసి 'కట్టుబాటు' అయినదని ఏళ్ళ తరబడి పిల్లలకు సంధి చెప్పాను. దాని అర్థం ఆ హమాలీ చేతుల్లో కనిపించింది.